సిరాలో ముంచిన కాజాలు



ఐదవ తరగతి పిల్లల వ్యాసపు పుస్తకాలు దిద్దుతూ ఉండగా ఒక వాక్యం దగ్గర నా ఎర్రకలం ఆగిపోయింది. "మా ఇంట్లో చేసే పిండివంట" అన్నది నేనిచ్చిన అంశం. ఒక అమ్మాయి ఖజా చేసే విధానం వ్రాసింది. చివరి వాక్యం ఇది: "తరువాత ఖజాలను సిరాలో ముంచి తీయవలెను."

మీరు గోదావరి తీరంలోనో హైదరాబాదులోనో ఉండి ఇది చదువుతున్నట్లయితే, కలంలో పోసే సిరా గుర్తుకు వచ్చి నవ్వుకొని ఉంటారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగిన తరువాత, ఈ వాక్యంలో తప్పేమిటో ఆ పిల్లకు ఎలా చెప్పాలా అన్న ఆలోచన పట్టుకొన్నది. ఒడియాలో సిరా అంటే పాకం. బరంపురంలో మిఠాయి దుకాణం ముందు నిలబడిన ఏ పిల్లకైనా ఆ మాట తెలుసు. పాకం అన్న మాట ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పవలసినవాణ్ణి నేనే.

ఆమె వ్యాసం మొత్తం ఆ ధోరణిలోనే ఉన్నది. మైదాలో ఘియ కలిపి, బెలణాతో పెద్దగా చేసి, ఒక పరస్త మీద ఇంకొక పరస్త పెట్టి, రోల్ చేసి, కట్ చేసి, ఫ్రై చేయవలెనట. నెయ్యి లేదు, అప్పడాల కర్ర లేదు, పొర లేదు, చుట్టడం లేదు, కోయడం లేదు, వేయించడం లేదు. విభక్తులు మాత్రం చెక్కుచెదరలేదు. "లో", "తో", "మీద", "చేసి", "పెట్టి", చివరికి మా పాఠ్యపుస్తకం నేర్పిన "వలెను" కూడా ఉన్నది. గోడలు మనవే, లోపలి సామాను అంతా పొరుగింటి నుండి, బజారు నుండి వచ్చింది.

దూరాన ఉన్న పాఠకుల కోసం మా ఊరి గురించి రెండు మాటలు చెప్పాలి. మేము బరంపురం అంటాము. ప్రభుత్వపు పేరు బ్రహ్మపుర. గంజాం జిల్లా మదరాసు రాజధానిలో భాగంగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, ఛత్రపురం అటు చేరాయి. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం మదరాసులోనే మిగిలి, తరువాత శ్రీకాకుళం జిల్లాది అయింది. మేనరికాలు, వియ్యాలు, సారె కావిళ్ళు మాత్రం సరిహద్దును పట్టించుకోలేదు. మన నాల్గవ రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి 1894లో పుట్టింది ఈ ఊరిలోనే. పట్టు నేసే వీధులలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350-ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతున్నది. ఆ వాక్యం నీడలోనే నా ఉద్యోగం. ఈ ఏడు ఆ తరగతిలో ఉన్నది ఏడుగురు పిల్లలు.

సరే, ఆ వాక్యం. కొట్టివేసి పైన "పాకంలో" అని వ్రాయడం అర నిమిషం పని. చాలా ఏళ్ళు నేను అదే చేశాను. అట్లా దిద్దిన మాట పిల్లల పుస్తకంలో ఉండిపోతుందే గాని నోటికి రాదని నాకు నెమ్మదిగా తెలిసింది. కాబట్టి ఈసారి దిద్దకుండా, ముందు నేనే కాజా చేసి చూద్దామని పూనుకొన్నాను. విధానం వ్రాయమని పిల్లలను అడిగినవాడికి విధానం తెలియకపోవడం బాగుండదు కదా.

ఇక్కడ నా పరాభవం ఒకటి చెప్పుకోవాలి. న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలితో ఆ వారం ఫోనులో మాట్లాడుతూ కాజా సంగతి చెప్పాను. "మావయ్యా, అది మా ఆపిల్ పై పెంకు లాంటిదే! వెన్నతో చేస్తాం, పొరలు పొరలుగా గుల్లగా వస్తుంది. ముందు అది చేసి చూడు, తేలిక" అన్నది. మైదాలో చల్లని వెన్నను శనగగింజలంత ముక్కలుగా కోసి వేయాలి, వేలి కొసలతో చిదపాలి గాని పిసకకూడదు, మంచునీళ్ళు చెంచా చెంచాగా చిలకరించాలి, ముద్దను ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచాలి. ఇంతే. నా దగ్గర ఓవెన్ లేదు. కుక్కరులో ఇసుప్పు పోసి, రబ్బరూ విజిలూ తీసివేసి, అడుగున చిన్న గిన్నె బోర్లించి దానిమీద పళ్ళెం పెట్టి కాల్చుదామనుకొన్నాను. అది మే నెల. బరంపురపు మే నెల ఎట్లా ఉంటుందో తెలిసినవారికి తరువాత జరిగినది చెప్పనక్కరలేదు. నేను ముక్కలు లెక్కపెట్టుకొంటూ ఉండగానే వెన్న కరిగి పిండిలో ఇంకిపోయింది. కాలిన తరువాత వచ్చినది పొరలు లేని గట్టి బిళ్ళ. మా ఇంటావిడ దానిని చాలా మర్యాదగా పక్కకు పెట్టింది.

రెండవ ప్రయత్నం కాజా. మైదా తడిపి, పలుచగా వత్తి, నెయ్యి బాగా కాచి, వేడి నెయ్యిని ఉదారంగా పోసి, మడిచి, కాగిన నూనెలో వేశాను. పైన క్షణంలో ఎర్రబడింది. లోపల పచ్చిపిండి.

మరునాడు ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. పట్టునేత వారి వీధి. నాయనమ్మ అరుగు మీద కూర్చొని ఉన్నది. ఆమెకు ఒడియా అర్థమవుతుంది గాని మాట్లాడడం తక్కువ. మనుమరాలికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడడం తక్కువ. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకొంటారు. నేను తీసుకువెళ్ళిన కాజాను ఆ పెద్దావిడ విరిచి చూసి, నవ్వు ఆపుకొంటూ అన్న మాటలు యథాతథంగా వ్రాస్తున్నాను.

"ఓలమ్మా, మేష్టారూ! నెయ్యి కరిగించీసి పోసీసినారేటి? మరింకేటి పొరలు ఇడిపోతాయి?"

ఆ తరువాత గంటన్నర సేపు నేను విద్యార్థిని. మనుమరాలు నా పక్కన కూర్చొని నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. మీ ఇంట్లోనూ, మీ తరగతిలోనూ పనికివస్తుందని ఆ క్రమం చెబుతున్నాను.

రెండు గిన్నెల మైదాలో చిటికెడు ఉప్పు, రెండు పెద్ద చెంచాల నెయ్యి వేసి, అరచేతుల మధ్య నలిపి పిండికి పట్టించాలి. పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, వదిలితే విరగాలి. తరువాత కొద్ది కొద్దిగా నీళ్ళు చిలకరిస్తూ తడపాలి. ఎంత మెత్తగా అని అడిగితే ఆమె మనుమరాలి చెవితమ్మె పట్టుకొని చూపించింది. తడిగుడ్డ కప్పి గంటసేపు నాననివ్వాలి. ఈ నానడం మీద ఆమెకు చాలా పట్టుదల. నానని పిండి వత్తుతూ ఉంటే వెనక్కు ముడుచుకొంటుంది, సాగదు.

పిండి నానుతున్నంతలో పూత. మూడు చెంచాల పేరిన నెయ్యి, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి వేళ్ళతో నురుగు వచ్చేదాకా రుద్దాలి. పేరిన నెయ్యి అన్న మాటను ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పించుకొన్నది. పేరడం పెరుగుకే కాదు, నెయ్యికీ ఉన్నదని ఆమెకు ఆ రోజు తెలిసింది. "ఎండాకాలమైతే గిన్ని సల్లనీళ్ళల్లో ఎట్టుకోవాల బాబూ" అని నాయనమ్మ నా మే నెల కష్టానికి కూడా మందు చెప్పింది.

ముద్దను ఆరు ఉండలు చేసి, ఒక్కొక్కదానిని అప్పడాల పీట మీద పలుచగా వత్తాలి. పీట మీది గీత కనిపించేటంత పలుచన. ఒక రొట్టె పరచి పూత రాయాలి, పైన పొడిపిండి చల్లాలి, దాని మీద రెండవ రొట్టె, మళ్ళీ పూత, మళ్ళీ పొడిపిండి. ఆరూ అయిన తరువాత ఒక అంచు నుండి బిగువుగా చాపలా చుట్టాలి. చివరి అంచును తడి వేలితో అంటించాలి. అంగుళం వెడల్పున ముక్కలు కోసి, ఒక్కొక్కదానిని కర్రతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తేలికగా ఒత్తాలి. ఇక్కడ ఆమె చేతి కదలిక చూడదగినది. అరవై ఏళ్ళు పట్టుచీరలు మడిచిన చేతులవి. "కోక మడతెట్టినట్టు సెయ్యాల, గుడ్డ పిండినట్టు కాదు" అన్నది. నేను చేసినది రెండవ పని.

నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడే ముక్కలు వేసి, సన్నని మంట మీద ఓపికగా వేయించాలి. మొదట అవి అడుగున పడి ఉంటాయి. కొంతసేపటికి తేలి, అంచులలో పొరలు ఒక్కొక్కటిగా విచ్చుకొంటాయి. అప్పుడు మంట కొద్దిగా పెంచి బంగారు రంగు వచ్చాక తీయాలి. రెండు గిన్నెల పంచదారకు ఒక గిన్నె నీళ్ళు పోసి తీగపాకం పట్టి, ఏలకుల పొడి, పాకం గడ్డకట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఉంచుకోవాలి. వేడి కాజాలను వెచ్చని పాకంలో రెండు నిమిషాలు ముంచి తీయాలి.

ఇక్కడ ఆ అమ్మాయి తల ఎత్తి, "ఇది సిరా కాదా?" అని అడిగింది. నాయనమ్మకు ఒడియా మాట తెలుసు. "సిరా అంటే ఆల మాట, పాకం అంటే మన మాట. రెండూ తియ్యగానే ఉంటాయిలే" అన్నది. ఇంత తేలికగా నేను తరగతిలో ఏనాడూ చెప్పలేకపోయాను.

మా మేనకోడలికి ఈ సంగతి వివరంగా వ్రాసి పంపాను. ఆమె పెంకుకూ మన కాజాకూ మూలసూత్రం ఒక్కటే. గోధుమపిండిలో నీళ్ళు పడి పిసికితే జిగురు పుడుతుంది. ఆ జిగురు పొరకూ పొరకూ మధ్య అంటుకోకుండా కొవ్వు అడ్డు నిలవాలి. వెన్నలో నూటికి ఎనభై పాళ్ళు కొవ్వు, పదహారు పాళ్ళ దాకా నీరు ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. అందుకే వెన్న ముక్కలు పొయ్యిలోకి వెళ్ళేదాకా గట్టిగా ఉండాలి. వెన్నలోని కొవ్వు ముప్పై రెండు, ముప్పై అయిదు డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. చలిదేశపు వంటగదికి అది ఇబ్బంది కాదు. మన నెయ్యిలో నీరు దాదాపు లేదు, కాబట్టి పొరలను లేపే ఆవిరి పిండిలోని తడి నుండే రావాలి. ఇక నెయ్యి వేసవిలో జారిపోకుండా బియ్యప్పిండి దానిని పట్టి ఉంచుతుంది. ఈ వివరమంతా ఐదవ తరగతిలో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. విజ్ఞానశాస్త్రపు పాఠమూ అయింది. "పై" అనే వంటకమున్నదని చెప్పగానే ఇద్దరు పిల్లలు తలెత్తి పైకప్పు వంక చూశారు. ఆ ఇద్దరికి తెలుగు బాగానే వచ్చునని సంతోషించాను.

మాట పుట్టుక గురించి కూడా కొంత చెప్పాను. ఇది నాకు ఇష్టమైన భాగం, మీరు ఓర్చుకోవాలి. సంస్కృతంలో ఖాద్యమంటే తినదగినది. ప్రాకృతంలో "ద్య" అన్నది "జ్జ" అవుతుంది, కాబట్టి ఖాద్యం ఖజ్జం అయింది. అందులో నుండి పూరీలో జగన్నాథుని ప్రసాదంగా యాత్రికులు తెచ్చే ఖజా, తాపేశ్వరంలో పొరల మధ్య పాకం నింపుకొన్న మడత కాజా, బీహారులో సిలావ్ ఊరి ఖాజా. ఇదే తోవలో "ధ్య" అన్నది "జ్ఝ" అయి, ఉపాధ్యాయుడు ఉవజ్ఝాయుడై తెలుగులో ఒజ్జ అయినాడు. సంధ్య మనకు సంజ అయింది, ఒడియా వారికీ సంజ అయింది. బోర్డు మీద సంజ అని వ్రాసి, ఇది ఏ భాష అని అడిగాను. నలుగురు ఒడియా అన్నారు, ముగ్గురు తెలుగు అన్నారు. ఎవరికీ మార్కులు తగ్గించలేదు. పూరీ ఖజా పొడిగా, పైన చక్కెర పూతతో ఉంటుందనీ, తాపేశ్వరం కాజా కొరికితే పాకం కారుతుందనీ వాళ్ళే తేల్చారు. మా ఊరు ఆ రెండింటికీ నడుమ ఉన్నది. మా నాయనమ్మగారి కాజా కూడా అట్లాగే ఉన్నదని నా నాలుక చెప్పింది.

మిత్రులు కొందరు నన్ను అడుగుతారు: బరంపురం తెలుగు శుద్ధమైన తెలుగేనా అని. "పోసీసినారేటి" అన్న ఆ పెద్దావిడ మాటను పిల్లలు వినకూడదన్న తల్లులు కూడా నాకు తెలుసు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా జిల్లావారే. అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే వ్యావహారిక భాష కోసం పోరాడారు. అంతకుమించి, సవర భాషను తానే నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలో వాచకాలు వ్రాశారు. అల్పసంఖ్యాక భాషా బోధన అన్న మాట పుట్టకముందే ఆ పని చేసినవారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, మరునాడు నాయనమ్మల మాటను దిద్దుతాము. ఇంతా చెప్పి నేను ఈ వ్యాసం వ్రాస్తున్న భాష ఎట్లా ఉన్నదో చూస్తున్నారు కదా. అలవాటు. పంతులుగారు క్షమించాలి.

ఇక నేను వ్రాయడానికి వెనుకాడుతున్న సంగతి. జూన్ మొదట్లో ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. ఇంగ్లీషు మీడియంలో చేర్చాలి, బదిలీ పత్రం కావాలన్నాడు. మంచివాడు, మర్యాదస్తుడు. మగ్గం మానివేసి దుకాణంలో పని చేస్తున్నాడు. "తెలుగు చదివి ఏం చేస్తుంది మేష్టారూ?" అని అడిగాడు. ఆయన కోపంతో అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఉద్యోగం వస్తుందని చెప్పలేను. పై తరగతులకు ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేను. నేను చేయగలిగినదల్లా ఆ నోటుపుస్తకం ఆయన చేతికివ్వడం. ఆయన ఒడియా మీడియంలో చదువుకొన్నవాడు, తెలుగు లిపి రాదు. పుటలు తిప్పి, "ఇదేటి?" అన్నాడు. "మీ అమ్మగారు చెప్పినది, మీ అమ్మాయి వ్రాసినది. ఇంటికి తీసుకువెళ్ళి చదివించుకోండి" అన్నాను.

ఆ రాత్రి అమ్మాయి చదివింది, నాయనమ్మ విన్నది. ఆమెకు ఏ లిపీ రాదు. తన మాటలు కాగితం మీద నుండి తిరిగి రావడం ఆమె అంతకుముందు వినలేదట. ఊరికే వినలేదు, రెండు తప్పులు పట్టింది. నిమ్మరసం పంచదార కరిగాకనే వేయాలి, ముందు కాదు. పూత అంచు దాకా రాయకూడదు, అర అంగుళం వదలాలి, లేకపోతే చుట్టేటప్పుడు బయటికి వస్తుంది. అమ్మాయి రెండూ దిద్దుకొన్నది. ఎర్రకలంతో కాదు, పెన్సిలుతో.

బదిలీ పత్రం మాత్రం ఆయన తీసుకొన్నాడు. నేనే సంతకానికి పంపాను. ఆ తరగతిలో ఇప్పుడు ఆరుగురు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మా ఇంటి వరండాలో తెలుగు చెబుతానని ఆయనతో అన్నాను. చూస్తానన్నాడు. మొదటి ఆదివారం రాలేదు. రెండవ ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొని. ఒకతె చేతిలో అమ్మమ్మ చెప్పిన అరిసెల విధానం ఉన్నది. అందులో బెల్లం "గుడొ" అయింది. గుడమన్నది సంస్కృతంలోనూ బెల్లమే, కాబట్టి ఆ సంజాయిషీ మరో వారానికి ఉంచుకొన్నాను.

మీలో ఎవరైనా ఈ పని చేయదలచుకొంటే ఒక మాట. పిల్లలు మొదట వ్రాసినదానిని దిద్దకండి, అట్లాగే ఉంచండి. పెద్దవారి దగ్గర కూర్చొని రెండవసారి వ్రాసిన తరువాత రెండూ పక్కపక్కన పెట్టి వాళ్ళనే చూసుకోనివ్వండి. పెద్దవారు చెప్పిన మాట మీ నిఘంటువులో లేకపోయినా వ్రాయించండి. కాజాలు బడిలో వేయించవద్దు. కాగే నూనె దగ్గర పిల్లలు ఏడుగురైనా ఎక్కువే. చుట్టడం, కోయడం దాకా తరగతిలో చేసి, వేయించే పని ఇంటి పెద్దలకు వదలండి.

మొన్నటి ఆదివారం ఆ అమ్మాయి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మేష్టారూ, మరి పెన్నులో పోసే సిరాను ఒడియాలో ఏమంటారో తెలుసా?" అని నాకు పరీక్ష పెట్టింది. తెలుసు గాని తెలియదన్నాను. "కాళి" అన్నది. ఇంటికి వెళ్ళి నాయనమ్మకు కూడా చెప్పిందట. ఆ పెద్దావిడ చెంపలు వేసుకొని, "ఓలమ్మ, అమ్మోరి పేరెట్టి రాస్తారేటి!" అన్నదట.